ఈఎఫ్-వీవీఎస్ సరే, సాన సంగతేమిటి? వజ్రాభరణాల వ్యాపారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వజ్రాభరణాల వ్యాపారులకు, వారి సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి విజయవాడ గవర్నరుపేట దాకా, అక్కడి నుంచి ప్రొద్దుటూరు అంగళ్ల దాకా మీలో చాలామంది తరతరాలుగా నమ్మకం మీద వ్యాపారం చేస్తున్నవారే. కాదనను. ముంబైలో కొన్నేళ్లు వజ్రాల గ్రేడింగ్ పని చేశాను కాబట్టి మీ కష్టనష్టాలు నాకు కొత్త కావు. నేరుగా విషయానికి వస్తాను. మీకు తెలిసినదే అయినా, కొనేవారు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట: కలర్‌ను డీ నుంచి మొదలుపెట్టి ఈ, ఎఫ్ అంటూ పసుపు పెరిగే కొద్దీ కిందికి దిగే అక్షరాలతో చెబుతారు. క్లారిటీని, అంటే రాయి లోపలి శుభ్రతను, వీవీఎస్, వీఎస్, ఎస్ఐ, ఐ అంటూ దిగే మెట్లతో చెబుతారు. క్యారట్‌లో నూరో వంతు సెంటు.

మా వీధిలో ఉండే రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతులు కూతురి పెళ్లికి ఒంటిరాయి ఉంగరం కొన్నారు. పెళ్లయిన కొద్ది రోజులకు దాన్ని నా దగ్గరకు తెచ్చి, "రాయి మధ్యలో నల్లగా ఉందండీ, మార్చేశారేమో చూడండి" అన్నారు. మార్చలేదు. రాయి నడుము (చుట్టూ ఉండే అంచు) మీద లేజరుతో చెక్కిన నంబరు, సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటే. కలర్ ఈ, క్లారిటీ వీవీఎస్1, బరువు సరిగ్గా 1.00 క్యారట్. మూడూ గొప్పవే.

అదే కాగితం మీద, ఎవరూ చదవని చోట, మిగతా కథ ఉంది. కట్ (సాన పనితనం): గుడ్, అంటే ఎక్సలెంట్ కంటే రెండు మెట్లు కింద. మొత్తం లోతు వ్యాసంలో 65.5 శాతం. అడుగు కోణం (నడుము కింది పలకల వాలు) 42.2 డిగ్రీలు. నడుము చాలా మందం. వ్యాసం 6.2 మిల్లీమీటర్లు. సరైన కొలతలతో సాన పట్టిన 90 సెంట్ల రాయికి కూడా వ్యాసం అంతే ఉంటుంది. అంటే పైనుంచి చూసేవారికి ఇది 90 సెంట్ల రాయి. మిగతా పది సెంట్లు నడుములోనూ పొట్టలోనూ దాక్కున్నాయి. ఆ పది సెంట్లకు వారు డబ్బు కట్టారు. ఒక క్యారట్ గీత దాటితే రేటే మారుతుంది కాబట్టి మిగతా తొంభై సెంట్లకు కూడా ఎక్కువ కట్టారు. పైన పటారం లోన లొటారం అంటారు కదా, ఇక్కడ సామెత తిరగబడింది. లోన అంతా శుభ్రం, పైకి మాత్రం వెలుగు లేదు.

షాపుకు వెళ్లి అడిగితే, "ఈఎఫ్-వీవీఎస్ కంటే మంచి రాయి ఎక్కడ దొరుకుతుందమ్మా?" అని పంపించేశారు. ఆ ఊరి వ్యాపారుల సంఘానికి కాగితాలన్నీ జతచేసి ఉత్తరం రాశాం. జవాబు లేదు. గుర్తు చేస్తూ మళ్లీ రాశాం. గోడకు చెప్పుకున్నట్టే అయింది. షాపు పేరు, సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఈ తీరు ఒక్క షాపుది కాదు. మీ ప్రకటనలు తిరగేయండి. "ఈఎఫ్-వీవీఎస్ వజ్రాలు" అన్న అక్షరాలు హోర్డింగు అంత పెద్దగా ఉంటాయి. కట్ అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా కనపడదు.

కట్ అంటే ఆకారం అని కొనేవారిలో చాలామంది అనుకుంటారు. మీ కౌంటర్లలో ఆ అపోహను ఎవరూ సరిదిద్దడం లేదు. గుండ్రం, ఓవల్, పేర్, ప్రిన్సెస్ అనేవి ఆకారాలు. కట్ అంటే సాన పనితనం, అంటే ఏ పలకను ఏ కోణంలో తీర్చారు, ఎంత నునుపుగా తీర్చారు అన్నది. రాయి పై పలక గుండా లోపలికి వెళ్లిన వెలుతురు అడుగు పలకలకు తగిలి, ఒకవైపు నుంచి మరోవైపుకు మళ్లి, తిరిగి పైకే రావాలి. వజ్రానికి ఈ గుణం పుట్టుకతోనే ఎక్కువ. లోపలి నుంచి పలకకు తగిలే వెలుతురు లంబానికి 24.4 డిగ్రీలకు మించి వాలితే చాలు, బయటకు పోలేక వెనక్కి మళ్లుతుంది. కానీ అడుగు కోణం తప్పితే ఈ గుణం వృథా. అడుగు మరీ లోతైతే వెలుతురు కిందనుంచి కారిపోయి మధ్య భాగం నల్లబడుతుంది. మనం నెయిల్‌హెడ్ అనేది దాన్నే. మరీ పలచనైతే నడుము ప్రతిబింబం తెల్లటి వలయంలా లోపల కనిపిస్తుంది. దాన్ని చేపకన్ను అంటాం. ఈ రెండింటినీ ఏ కలర్ గ్రేడూ సరిచేయలేదు, ఏ క్లారిటీ గ్రేడూ కప్పిపుచ్చలేదు.

ఈ లెక్కలు నిన్న మొన్న పుట్టినవి కావు. గుండ్రటి బ్రిలియంట్ రాయికి పై కోణం (నడుము పైనున్న పలకల వాలు) 34.5 డిగ్రీలు, అడుగు కోణం 40.75 డిగ్రీలు, పై పలక వ్యాసంలో 53 శాతం ఉండాలని బెల్జియం ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లోనే లెక్క కట్టాడు. నేటి పలకల తీరుకు ఆ అంకెలు కాస్త అటూ ఇటూ జరిగాయి గానీ పునాది అదే. ఇంకా వెనక్కి వెళ్తే మన కృష్ణా తీరంలోని కొల్లూరులో పుట్టిందని చెప్పుకునే కోహినూర్ ఉండనే ఉంది. 1851లో లండన్ ప్రదర్శనలో దాన్ని చూసినవారు, ఇంతేనా అని పెదవి విరిచారు. మరుసటి ఏడాది దానికి మళ్లీ సాన పట్టించారు. నేటి లెక్కలో దాదాపు 191 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగింది. ప్రపంచంలో అంత పేరున్న రాయికే వెలుగు కోసం నలభై శాతానికి పైగా బరువు వదులుకోవలసి వచ్చింది. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. నేను ఆ జోలికి వెళ్లను.

ఇంత ముఖ్యమైన కట్ మీ నోటి వెంట ఎందుకు రాదో నాకు తెలియక కాదు. వర్తకులందరూ చూసే రాపాపోర్ట్ ధరల పట్టికలో గడులు ఆకారం, బరువు, కలర్, క్లారిటీల ప్రకారమే ఉంటాయి. కట్‌కు గడి లేదు. కట్ బాగుంటే కాస్త ఎక్కువ, బాగోకపోతే తగ్గింపు అంటూ టోకు బేరంలో తేల్చుకుంటారు. ఆ తగ్గింపు మీకు అందుతుంది, కొనేవారిదాకా రాదు. కొలమానం చరిత్ర కూడా ఇలాగే ఉంది. జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా, అంటే మనమంతా జీఐఏ అనే సంస్థ, కలర్‌కు, క్లారిటీకి 1953లోనే గ్రేడ్లు తెచ్చింది. గుండ్రటి రాళ్ల కట్‌కు గ్రేడు తేవడానికి దానికి మరో అరశతాబ్దం పట్టింది. 70 వేలకు పైగా పరిశీలనలు చేసి, 2005లో ప్రకటించి, 2006 నుంచి సర్టిఫికెట్ల మీద వేస్తోంది. అది వచ్చి ఇన్నేళ్లయినా మన షోరూముల భాష మాత్రం 1953 దగ్గరే ఆగిపోయింది.

దీనివల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్నది ఇది.

1. కంటికి ఆనని తేడాకు లక్షలు పోస్తున్నారు. కలర్ గ్రేడు ఎలా ఇస్తారో మీకు తెలుసు. రాయిని తెల్లటి మడత పళ్లెంలో బోర్లించి, పక్కనుంచి చూస్తూ, నమూనా రాళ్లతో పోల్చి తేలుస్తారు. వేలి మీద ఎవరూ రాయిని బోర్లించి పెట్టుకోరు. ముఖం పైకి ఉన్నప్పుడు, సాన బాగున్న రాయి నుంచి తిరిగి వచ్చే వెలుతురు ముందు ఈ కలర్‌కు, జీ కలర్‌కు తేడా చెప్పమంటే అనుభవమున్నవారు కూడా తడబడతారు. ఇక పసుపు బంగారంలో పొదిగితే కొక్కేల రంగే రాయిలో ప్రతిఫలిస్తుంది. డీ కలర్‌కు కట్టిన అదనపు సొమ్ము అక్కడితో సరి. క్లారిటీదీ అదే దారి. వీవీఎస్ అంటే లూప్ అనే చిన్న భూతద్దంతో పదింతలు పెంచి చూసినా నిపుణుడి కంటికే కష్టంగా దొరికే మచ్చ. వీఎస్2లో మచ్చ లూప్‌కు దొరకవచ్చు, మామూలు కంటికి దొరకదు. అదే కట్‌లో గుడ్‌కు, ఎక్సలెంట్‌కు తేడాను పెళ్లి పందిట్లో ఎదురు బల్ల మీద కూర్చున్న మేనత్త కూడా పట్టేస్తుంది. ఆమెకు కారణం తెలియదు, "ఈ రాయి బాగా వెలుగుతోందే" అంటుంది, అంతే. బియ్యం తెల్లదనం చూసి సంచి మోసుకొచ్చి, పాతవో కొత్తవో అడగకపోతే అన్నం ముద్దయిన రోజు తెలిసొస్తుంది. మన వజ్రాల కొనుగోళ్లు ఇలాగే సాగుతున్నాయి.

2. దోషం భయంతో అమ్మకాలు సాగుతున్నాయి. వజ్రంలో మచ్చ ఉంటే అచ్చిరాదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. బిందువు, రేఖ, కాకపదం అంటూ ప్రాచీన రత్నశాస్త్రాలు దోషాలు చెప్పిన మాట నిజమే. కాకపదమంటే కాకి కాలి ముద్రలాంటి మచ్చ. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ మీ సిబ్బంది ఆ భయాన్ని వీవీఎస్ అమ్మడానికి మెట్టుగా వాడుకోవడం తప్పు. "వీఎస్ తీసుకుంటే పిల్లకు మంచిది కాదమ్మా" అన్న మాట నేను నా చెవులారా విన్నాను. పదింతలు పెంచే లూప్ ఆ శాస్త్రాల కాలంలో లేదు. వారు చెప్పింది కంటికి కనిపించే మచ్చల గురించి. పైగా అవే శాస్త్రాలు ఆరు కొనలు, ఎనిమిది సమమైన ముఖాలు, పన్నెండు పదునైన అంచులు ఉన్న రాయిని, కాంతి చిమ్మే రాయిని మెచ్చుకున్నాయి. అంటే ఆకృతికి, వెలుగుకు అప్పుడే పెద్దపీట వేశారు. శాస్త్రంలో సగం చెప్పి సగం మింగేస్తే ఎలా?

3. బరువు గీతలు దాటించడం కోసం వెలుగును బలిపెడుతున్నారు. 50 సెంట్లు, 70 సెంట్లు, ఒక క్యారట్ దగ్గర రేటు ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. అందుకే సాన పట్టేచోట 96 సెంట్లకు దిగే అందమైన రాయిని, నడుము మందంగా వదిలి 1.00 దగ్గర ఆపేస్తారు. సాన పట్టేవారిని తప్పుపట్టి లాభం లేదు, బరువు అడిగేవారికి బరువే ఇస్తారు. పదిహేడో శతాబ్దంలో మన గనులు చూసిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే, బరువు తగ్గుతుందన్న భయంతో ఇక్కడి పనివారు శుభ్రమైన రాయికి ఆకృతి ఇవ్వకుండా పైపైనే సాన తాకించి వదిలేస్తారని రాశాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా అదే భయం వ్యాపారాన్ని నడుపుతోంది. చేతకాక మాత్రం కాదు. ప్రపంచంలో సాన పట్టే వజ్రాల్లో అత్యధిక భాగం సూరత్ చేతుల మీదుగానే పోతుంది. మీరు ఎక్సలెంట్ అడిగితే ఎక్సలెంటే వస్తుంది.

4. మూసిన సెట్టింగులో అన్నీ మూతపడుతున్నాయి. మన వైపు ఏడు రాళ్ల దుద్దులు, ముక్కుపుడకలు, బేసరులు ఎక్కువగా వెనుక బంగారంతో మూసి కడతారు. బిగించాక అడుగు కోణం కొలవడానికి వీలుండదు, నడుము చూడటానికి వీలుండదు. ఆభరణం మొత్తానికి ఒకే సర్టిఫికెట్ ఇస్తారు. అందులో కలర్ ఈ నుంచి ఎఫ్, క్లారిటీ వీవీఎస్, మొత్తం బరువు ఇంత అని ఉంటుంది. ఒక్కో రాయి కొలతలు సాధారణంగా ఉండవు. చిన్న రాళ్లలో 57 పలకల ఫుల్‌కట్ ఏది, 17 పలకల సింగిల్‌కట్ ఏది అన్నది బిల్లులో ఎక్కడా రాయరు. రెండింటి మెరుపులో తేడా మీకు నేను చెప్పాలా? ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రాయి మసకబారిందని నా దగ్గరకు వచ్చేవారిలో కొందరి సమస్య కట్ కాదు, జిడ్డు. వజ్రానికి నూనె ఇట్టే పట్టుకుంటుంది. తలంటి నూనె, సున్నిపిండి, పసుపు అడుగున పేరుకుంటే ఎక్సలెంట్ రాయి కూడా గాజుపెంకులా ఉంటుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. కానీ వెనుక మూసేసిన రాయిలోకి ఒకసారి జిడ్డు దిగితే బ్రష్షు కూడా వెళ్లదు. ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పేవారు ఎంతమంది?

5. మీ దీపాలు అబద్ధం చెబుతున్నాయి. షోరూము కప్పులోని చిన్న చిన్న స్పాట్ దీపాల కింద ఏ రాయైనా నిప్పులు చిమ్ముతుంది. నెయిల్‌హెడ్ రాయి కూడా అక్కడ మహారాణిలాగే ఉంటుంది. ఇంటికి వచ్చి ట్యూబ్‌లైటు కిందనో, వరండా నీడలోనో చూస్తే అసలు రూపం తెలుస్తుంది. అప్పటికి బిల్లు అయిపోయి ఉంటుంది.

6. పొదుపు పథకాల్లో నెలనెలా కట్టిన కుటుంబాలకు ఎంపిక ఉండటం లేదు. పథకం పూర్తయ్యాక అదే షాపులో, ఉన్నవాటిలోనే ఏదో ఒకటి తీసుకోవాలి. అక్కడ ట్యాగు మీద కట్ లేకపోతే వారు దేన్ని దేనితో పోల్చుకోవాలి? తర్వాత ఎక్స్ఛేంజీకి వెళ్లినప్పుడు మాత్రం, కొన్న రోజున ఎవరూ పలకని కట్ హఠాత్తుగా గుర్తొస్తుంది. "ఇది గుడ్ కట్ అండీ, ఇంతకంటే రాదు" అంటారు. అమ్మేటప్పుడు లేని గ్రేడు కొనేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

కలర్, క్లారిటీ పనికిమాలినవి అని నేను అనడం లేదు. ఎమరాల్డ్ కట్ లాంటి మెట్ల పలకల రాళ్లలో పై పలక కిటికీ అద్దంలా ఉంటుంది, లోపలి మచ్చ దాచుకోవడానికి చోటుండదు. అక్కడ క్లారిటీకి డబ్బు పెట్టడం న్యాయం. రెండు మూడు క్యారట్ల పెద్ద రాయిని ప్లాటినంలోనో తెల్ల బంగారంలోనో పొదిగితే కే, ఎల్ కలర్ల పసుపు ఛాయ బయటపడుతుంది. అంచు దగ్గర పగులున్న ఐ1 రాయిని ఎంత చవకగా వచ్చినా ఉంగరంలో పెట్టకూడదు, దెబ్బ తగిలితే విరుగుతుంది. ఓవల్, పేర్, మార్కీజ్ రాళ్లకు జీఐఏ చాలాకాలం కట్ గ్రేడే ఇవ్వలేదు. వాటి నడుమ అడ్డంగా కనిపించే బో-టై నీడ ఎంత ముదురుగా ఉందో కళ్లతో చూసి తేల్చుకోవలసిందే. గుండ్రటి రాళ్లలో కూడా ఎక్సలెంట్ అన్న మాట విశాలమైనది. దాని హద్దుల్లోనే చురుకైనవీ ఉంటాయి, కాస్త మందకొడివీ ఉంటాయి. ఇవన్నీ కలిపి చెప్పడమే కదా అమ్మేవారి పని?

డబ్బు ఇంతే ఉంది, ఏం చేయమంటారు అని ఎవరైనా అడిగితే నా సలహా ఒకటే. గుండ్రటి రాయి అయితే కట్ దగ్గర రాజీ వద్దు. అడుగు కోణం 40.6 నుంచి 41 మధ్య, పై కోణం 34 నుంచి 35 మధ్య, మొత్తం లోతు 62 శాతానికి అటూ ఇటూ ఉన్నది ముందు ఏరుకోండి. తర్వాత కలర్ జీ, హెచ్ దాకా దిగండి, పసుపు బంగారమైతే ఐ కూడా పరవాలేదు. క్లారిటీలో వీఎస్2 దాకా, కంటికి శుభ్రంగా ఉంటే ఎస్ఐ1 దాకా దిగండి. మిగిలిన డబ్బు ఇంట్లో ఉంచుకోండి. ల్యాబ్‌లో పెంచిన వజ్రాల్లో డీ, ఈ కలర్లు, వీవీఎస్ రాళ్లు విరివిగా దొరుకుతున్నాయి కాబట్టి అక్కడ ఈ అక్షరాలకు మరీ విలువ లేదు. రాయికీ రాయికీ తేడా తెచ్చేది కట్ ఒక్కటే.

"కొనేవారే ఈఎఫ్-వీవీఎస్ అడుగుతున్నారు, మేమేం చేస్తాం" అని మీరంటారు. వారికి ఆ మాట నేర్పింది మీ ప్రకటనలే. నేర్పినవారే సరిదిద్దాలి. అందుకే ఈ డిమాండ్లు.

1. 30 సెంట్లు, అంతకు మించిన ప్రతి ఒంటిరాయికి ట్యాగు మీద, బిల్లు మీద కట్ గ్రేడు, పాలిష్, సిమెట్రీ, వ్యాసం మిల్లీమీటర్లలో, మొత్తం లోతు, పై పలక శాతం, పై కోణం, అడుగు కోణం, నడుము మందం రాయాలి. ఇవన్నీ గుండ్రటి రాళ్ల సర్టిఫికెట్‌లో ఇప్పటికే ఉంటాయి. మీరు చేయాల్సింది చూసి రాయడమే. కట్ గ్రేడు లేని ఆకారమైతే "గ్రేడు లేదు" అని రాయాలి, ఖాళీ వదలకూడదు.

2. ప్రకటనలో కలర్, క్లారిటీ అక్షరాలు వేస్తే పక్కనే కట్ గ్రేడు కూడా అదే సైజులో వేయాలి. వేయలేకపోతే మూడూ తీసేయాలి.

3. ప్రతి షోరూములో స్పాట్ దీపాలు లేని ఒక బల్ల ఉండాలి, వీలైతే కిటికీ పక్కన. దాని మీద పదింతల లూప్, ఐడియల్ స్కోప్ పెట్టాలి. ఐడియల్ స్కోప్ చూడటానికి ఎర్రటి చిన్న గొట్టం. అందులోంచి చూస్తే వెలుతురు వెనక్కి ఇచ్చే చోట్లు ఎర్రగా, కారిపోయే చోట్లు తెల్లగా కనిపిస్తాయి. చదువురాని అవ్వకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. మీకు దాని ఖరీదు లెక్కలోకి రాదు. బహుశా ఇబ్బంది ఖరీదు గురించి కాదేమో.

4. మూసిన సెట్టింగు ఆభరణాలను ఆర్డరు మీద చేసేటప్పుడు రాళ్లను బిగించక ముందే కొనేవారికి చూపించాలి. 10 సెంట్లు దాటిన ప్రతి రాయి కొలతలు కాగితం మీద ఇవ్వాలి. తయారై ఉన్న వస్తువైతే, బిగించక ముందు తీసుకున్న కొలతలు భద్రపరిచి అడిగినప్పుడు చూపించాలి. చిన్న రాళ్లు ఫుల్‌కట్టో సింగిల్‌కట్టో బిల్లులో స్పష్టంగా రాయాలి.

5. దోషం, అచ్చిరాకపోవడం లాంటి మాటలతో పై గ్రేడు అంటగట్టవద్దని సిబ్బందికి లిఖితపూర్వకంగా చెప్పాలి. కొనేవారు తామంతట తాము అడిగితే, లూప్ ఇచ్చి మచ్చ చూపించి, నిర్ణయం వారికే వదిలేయాలి.

6. కట్ గ్రేడు చెప్పకుండా అమ్మిన రాయిని, ఆ సంగతి బయటపడిన రోజున పూర్తి ధరకు వెనక్కి తీసుకోవాలి. ఎక్స్ఛేంజీలో కట్ పేరుతో తగ్గించాలంటే, అమ్మిన రోజు బిల్లులో ఆ కట్ రాసి ఉండాలి. రాయనిదానికి కోత విధించే హక్కు లేదు.

7. ప్రతి సంఘం ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, వచ్చిన ఉత్తరానికి 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. "పరిశీలిస్తున్నాం" అన్న ఒక్క వాక్యం జవాబు కిందికి రాదు.

ఇక ప్రభుత్వానికి. వస్తువు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ప్రమాణం, ధర తెలుసుకోవడం కొనేవారి హక్కు అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. వజ్రంలో కట్ నాణ్యత కాకపోతే మరేమిటి? బంగారానికి హాల్‌మార్కు 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగను హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల ప్రత్యేక సంఖ్య, లేకుండా అమ్మకూడదు. ఆ ముద్ర చూసి నిశ్చింతగా ఉంటున్న కుటుంబాలకు, అది బంగారం స్వచ్ఛతకే గానీ పొదిగిన రాయికి పూచీ కాదని తెలియదు. నగ విలువలో సగానికి పైగా రాయిదే అయిన చోట ఆ ముద్ర కాపాడేది మిగతా సగాన్నే. రాళ్ల కట్ వివరాలు బిల్లులో తప్పనిసరి చేస్తూ వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన తేవాలని కోరుతున్నాం.

ఆచరణలో కష్టమని మీరు అనవచ్చు. హెచ్‌యూఐడీ వచ్చినప్పుడు కూడా కష్టమనే అన్నారు. 2021 ఆగస్టులో దేశవ్యాప్తంగా నగల వ్యాపారులు ఒకరోజు సమ్మె కూడా చేశారు. ఇప్పుడు అదే హాల్‌మార్కు మీ ప్రకటనల్లో మొదటి వరుసలో ఉంటోంది.

ఒక సంగతి కొనేవారు కూడా గుర్తుంచుకోవాలి. బిల్లు, సర్టిఫికెట్ ఉన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్లను జిల్లా కమిషన్ విచారిస్తుంది. మేము ఆ దారిలో ఇంకా వెళ్లలేదు. ముందు మీ నుంచే జవాబు రావాలని ఈ లేఖ.

పై డిమాండ్లలో మొదటి మూడింటికి చట్టం అక్కర్లేదు, సంఘం తీర్మానం చాలు. దసరా, దీపావళి అమ్మకాల కోసం ఎలాగూ కొత్త ట్యాగులు, కొత్త హోర్డింగులు అచ్చు వేయిస్తారు. వాటిలో కట్‌కు ఒక గడి చేర్చండి. చేర్చేదీ లేనిదీ ఆ అచ్చు మొదలయ్యేలోగా రాతపూర్వకంగా చెప్పండి. చేర్చిన షాపుల జాబితాను, జవాబివ్వని సంఘాల జాబితాను మా కాలనీ సంఘాల నోటీసు బోర్డుల మీద పక్కపక్కనే పెడతాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక వజ్ర పరీక్షకుడు,
నగలు కొనే ఇరుగుపొరుగు కుటుంబాల తరఫున